గిన్నె అడుగున పేరు

మా వింగేట్ల ఇంట్లో తరతరాలుగా వస్తున్నవి కొన్ని ఉన్నాయి. పొడుగు ముక్కు, మెథడిస్టు చర్చిలో ఎడమవైపు రెండో బల్ల, రాజధాని డోవర్‌లో రాష్ట్ర సెనేట్ సీటు. నన్నడిగితే అనుమానం కూడా. ఒక్కతే కూతుర్ని కాబట్టి అన్నీ నాకే రావాలి. ముక్కూ అనుమానమూ పుట్టుకతోనే వచ్చేశాయి, బల్ల మీద ప్రతి ఆదివారం కూర్చుంటూనే ఉన్నాను. మిగిలింది సీటు. నాన్న ఇంకొక్కసారి గెలిచి, ఆ తర్వాత నా పేరు చెబుతానని మాటిచ్చాడు. అప్పటికి నాకు ముప్పై ఒకటి.

మా డెలవేర్ అంటే మూడే జిల్లాలు. సముద్రం పోటెత్తితే రెండే అని మా మీద మేమే వేసుకునే జోకు ఒకటుంది. ఇంత చిన్న చోట ఒకే ఇంటిపేరు మూడు తరాలు సెనేట్‌లో ఉంటే జనం దాన్ని వాతావరణంలాగా అలవాటు చేసుకుంటారు. ముత్తాత ఎలైషా ఓటు వేయడానికి డోవర్ వెళ్తూ రైల్లోనే చనిపోయాడు. తాత ఆస్‌బరీ సెనేట్ హాల్లోనే, ఓటుకి చెయ్యెత్తి ఉండగా పోయాడు. ఆ చేతిని కూడా లెక్కలో వేసుకున్నారని అంటారు. మా మగవాళ్లెవరూ సీటు దిగి రాలేదు, దింపి తెచ్చారు. చిన్నప్పుడు ఇది విని గర్వంగా నవ్వుకునేదాన్ని.

తాత వదిలిపోయిన అసలు ఆస్తి భోజనాల గదిలో ఉండే ఓక్ చెక్క పెట్టె. దాన్నిండా కార్డులు, ఇంటికొకటి. కార్డు మీద ఆ ఇంట్లో ఓటున్న ప్రతివాళ్ల పేరు, పేరు పక్కన ఒక గుర్తు. మనవాడైతే కూడిక గుర్తు, కాకపోతే అడ్డగీత, ఎటూ తేలకపోతే ప్రశ్నార్థకం. కింద ఆ ఇంటి కబుర్లు, ఎవరికి ఆపరేషన్, ఎవరికి మనవడు, ఎవరి ఆవు ఈనింది. అట్టడుగున ఒకే మాట రాసేవాడు తాత, “వెళ్లి చూడాలి” అని. వెళ్లొచ్చాక దాని మీద టిక్కు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే, కార్డు అబద్ధం చెప్పకూడదు. తాత తర్వాత కార్డులు నాన్న రాసేవాడు, నాలుగేళ్లుగా నేను రాస్తున్నాను. నేను పరామర్శ ఉత్తరం టైపు చేసిస్తే నాన్న సంతకం పెట్టేవాడు. ఆ పంతొమ్మిదివందల డెబ్బైల్లో అదే సరిపోతుందనుకున్నాం.

ఆ ఏడు నాన్న మీద నిలబడ్డది నోరిస్ టల్. కోళ్ల ఫారాలవాడు. మా చర్చివాడే, మా బల్లకి మూడు వరసల వెనక కూర్చుంటాడు. పాటల్లో గొంతు పెంచి నాన్న గొంతు వినపడకుండా చేసేవాడు. అది భక్తి అని అమ్మ అనేది, ప్రచారం అని నేను అనేదాన్ని. వాడి వల్ల మాకేం భయం లేదనుకున్నాం, సెప్టెంబరు దాకా.

సెప్టెంబరు రెండో వారంలో మా చర్చి పెద్దావిడ మిస్ హెస్టర్ తుంటి ఎముకకి ఆపరేషన్ అయింది. ఎవరికీ చెప్పని మనిషి. అమ్మకి చెబితే అమ్మ నాకు చెప్పింది, నేను కార్డులో రాశాను. మామూలుగా అయితే ఉత్తరమే పోయేది. ఎన్నికల కాలం కదా, నాన్న స్వయంగా బయల్దేరాడు. మా చుట్టాలబ్బాయి ఎల్‌వుడ్ కారు నడిపాడు. వెళ్లేసరికి మిస్ హెస్టర్ మంచం పక్కన ఇంకా వేడి తగ్గని పళ్లెంలో, చిలగడదుంపతో కాల్చిన ‘పై’ అనే తీపి వంటకం ఉంది.

“ఇప్పుడే వెళ్లింది నోరిస్ పెళ్లాం, ఆర్ఫా టల్. పిల్ల బంగారం,” అంది మిస్ హెస్టర్. “గిన్నెలన్నీ కడిగిపెట్టి మరీ వెళ్లింది. నువ్వేం తెచ్చావు, సెనేటరూ?”

నాన్న తన ఎన్నికల కరపత్రం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని ఆ వేడి పళ్లెం కింద వేసి, టేబులుకి మరక అంటకుండా సర్దుకుంది.

తర్వాత ఆయిస్టర్ ఆల్చిప్పలు పట్టే శామ్యూల్ ఇంట్లో కవలలు పుట్టారు. మాకన్నా ఒక రోజు ముందు టల్ వెళ్లాడు. చెరువు దగ్గర వితంతువు మార్తాకి కళ్లు కనపడ్డంలేదు. మాకన్నా ముందు ఆర్ఫా వెళ్లి వారం వారం ఆమెకి బైబిల్ చదివిపెడుతోంది. మూడుసార్లు జరిగితే అది యాదృచ్ఛికం కాదు, ఎవరో మన పెట్టెలో చెయ్యి పెడుతున్నారన్నమాట.

“ఎల్‌వుడ్,” అన్నాను నాన్నతో.

“ఎల్‌వుడ్‌కి చదవడమే సరిగ్గా రాదే.”

“వినడం వచ్చుగా. కార్లో మనం మాట్లాడుకునేదంతా వింటాడు.”

“నాకు నీ వయసున్నప్పుడు మీ తాత నన్ను కూడా అనుమానించాడు,” అన్నాడు నాన్న. ఆ మాట మెచ్చుకోలుగా అన్నాడో ఎత్తిపొడుపుగా అన్నాడో తెలీలేదు. ఛాతీ రుద్దుకుంటూ అన్నాడు. వేయించిన ఆయిస్టర్లు ఎక్కువ తిన్నాడనుకున్నాను.

ఎల్‌వుడ్‌కి ఎర వేశాను. మిల్లు దగ్గర ఫలానా ముసలాయన మెట్ల మీంచి పడ్డాడని వాడి చెవిన పడేలా అన్నాను. వారం చూశాను. ఆ మిల్లు వైపు టల్ కాదుకదా, వాడి కోడి కూడా రాలేదు. ఎల్‌వుడ్ మాత్రం పాపం జేబులో డబ్బుతో జామ్ సీసా కొనుక్కుని ఆ ముసలాయన్ని చూడ్డానికి వెళ్లాడు. నాకు సిగ్గేసింది, కానీ అనుమానం పోలేదు. మాటలు వినేవాళ్ల మీంచి పెట్టె తెరిచి చదివేవాళ్ల మీదికి మళ్లింది, అంతే.

అప్పుడు చేశాను, తాత చెయ్యొద్దన్న పని. లెవిన్ లింగో అనే ముసలాయన, పెళ్లాం పోయాక ఒక వేటకుక్కతో ఉంటాడు, దాని పేరు జడ్జి. ఎప్పుడూ ప్రశ్నార్థకమే ఆయన. ఆయన కార్డు మీద నా చేత్తో రాశాను: “కుక్క చచ్చిపోయింది. బాగా కుంగిపోయాడు. వెళ్లి చూడాలి.” ఎవరితోనూ నోరు విప్పలేదు. కార్డు పెట్టెలో పెట్టి మూతేశాను.

నాలుగు రోజులకి, అక్టోబరు పధ్నాలుగు పొద్దున, లింగో ఫోన్ చేశాడు. నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు.

“ఏమ్మా వెర్నా, మా జడ్జిగాడు చచ్చాడని ఎవరు పుట్టించారు? నిన్న సాయంత్రం టల్ మొగుడూ పెళ్లాం నల్లకోటూ నల్లగౌనూ వేసుకుని వచ్చారు. తలుపు తీస్తే వీడే ఎదురెళ్లి ఆయన ప్యాంటు పట్టుకున్నాడు!”

“అయ్యో. మరి వాళ్లేమన్నారు?”

“ఆ అమ్మాయి మొహం చూడాలి. అయినా ఏడుపు మొహంతో వచ్చినవాళ్లు తిండి వెనక్కి తీసుకెళ్లరుగా. కోడిపులుసులో ఉడికించిన పిండిముక్కలు, ఆ డంప్లింగులు గిన్నెడు ఇచ్చిపోయింది. జడ్జీ నేనూ చెరిసగం తిన్నాం. అన్నట్టు గిన్నె మీ ఇంటిదే అనుకుంటా, వచ్చి పట్టుకెళ్లు.”

“మాదా?”

“అడుగున మీ అమ్మ పేరుంది.”

మా చర్చి ఆడవాళ్ల పద్ధతి తెలియనివాళ్లకి ఇది అర్థం కాదు. విందులకి అందరూ ఒకే రకం తెల్లటి మూతగిన్నెలు తెస్తారు కాబట్టి అడుగున టేపు ముక్క అంటించి పేరు రాసుకుంటారు. ఇంకో పద్ధతి, ఎవరింటి గిన్నె మనింటికొస్తే దాన్ని ఖాళీగా పంపకూడదు. అంటే అమ్మ గిన్నె అంతకుముందే ఆర్ఫా ఇంటికి వెళ్లింది, పద్ధతి ప్రకారం ఆర్ఫా దాన్ని నింపి పంపాలి. కానీ తిరిగి మా ఇంటికి ఎలా తెస్తుంది, ఎన్నికలకి మూడు వారాలుండగా? లింగో ఇంటికి తీసుకెళ్లే తొందరలో చేతికందిన గిన్నె పట్టుకుపోయి ఉంటుంది. అడుగు చూసుకోలేదు.

వెళ్లి గిన్నె తెచ్చుకున్నాను. దారిపొడుగునా పక్కసీట్లో అది మూత కదులుతూ గలగలమంటూనే ఉంది. అమ్మ వంటింట్లో పిండి పలచగా ఒత్తి ముక్కలు కోస్తోంది. మాట్లాడకుండా గిన్నె ఆమె ముందు బోర్లించి పెట్టాను. టేపు మీద ఆమె గుండ్రటి రాత, “లియోలా వింగేట్.”

అమ్మ చూసింది. చాకు పక్కన పెట్టింది.

“ఆర్ఫాకి ఎన్నిసార్లు చెప్పాను, టేపు పీకెయ్యమని,” అంది.

కాదంటుందని ఎదురుచూశాను. ఏదో ఒక అబద్ధం చెబితే నమ్మేసేదాన్నేమో కూడా.

“కంచే చేను మేస్తోందన్నమాట,” అన్నాను.

“సామెతలు నాకు చెప్పకు. నీకు నడక రాకముందు నుంచి ఈ చేను కాస్తున్నాను.”

“నాన్న పెట్టెలోంచి కబుర్లు తీసి నాన్న మీద నిలబడ్డవాడికి మోశావు!”

“ఎవరింట్లో జబ్బుందో చెప్పాను. వెళ్లింది ఆర్ఫా. గిన్నెలు కడిగింది, బైబిల్ చదివింది. మీ నాన్న ఎవరి గుమ్మం తొక్కి ఎన్నేళ్లయిందో ఆ పెట్టెలో టిక్కులు లెక్కపెట్టు. నువ్వు టైపు కొట్టిస్తావు, ఆయన సంతకం పెడతాడు. దాన్ని వెళ్లి చూడ్డం అంటారా?”

“అందుకని ఓడిస్తావా?”

“అందుకని కాదు.”

చేతులకంటిన పిండి రాల్చుకుంటూ కిటికీలోంచి చూసింది. బయట నాన్న ఎల్‌వుడ్‌తో కలిసి కారుకి బోర్డు కడుతున్నాడు. తాడు లాగి, ఆగి, కారు మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. ఎల్‌వుడ్ ఏదో అడిగితే తల అడ్డంగా ఊపాడు.

“ఆగస్టులో డాక్టరు చెప్పాడు,” అంది అమ్మ. “గుండె. ఇంకొక్క శీతాకాలం డోవర్‌లో, ఆ తిరుగుడు, ఆ అరుపులు... వద్దన్నాడు. మీ నాన్న నా చేత బైబిల్ మీద ప్రమాణం చేయించాడు, ఎవరితోనూ అనకూడదని. దిగిపొమ్మని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ‘వింగేట్‌లు దిగిపోరు లియోలా’ అన్నాడు. అవును, దిగరు. మీ తాతని ఇంటికి తెచ్చిన రోజు మీ నాయనమ్మ మొహం నేను చూశాను, వెర్నా. ఊరంతా వచ్చి ఎంత గొప్ప చావు అన్నారు. ఆవిడ ఒక్క మాట అంది నాతో, ‘గొప్ప చావు వాళ్లకి, నాకు వట్టి చావే’ అంది.”

నిజం చెప్పాలంటే నాకు ముందు తట్టింది నాన్న గుండె కాదు, నా సీటు. ఈసారి పోతే మళ్లీ రాదని. ఆ తర్వాతే నాన్న గుర్తొచ్చాడు. ఆ వరస తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

“ఇప్పుడు వెళ్లి చెబుతావా ఆయనకి?” అంది అమ్మ. “చెబితే రేపటి నుంచి తనే ఇల్లిల్లూ తిరుగుతాడు. గెలుస్తాడు కూడా. నీ ఇష్టం.”

గిన్నె తీసి తొట్టిలో పెట్టి కుళాయి తిప్పాను. లింగో సరిగ్గా కడగలేదు. అడుగున టేపు నానేదాకా ఉంచి, గోటితో గీకి తీసేశాను.

ఆ తర్వాత మూడు వారాలు మా ఇల్లు ఎలా ఉందంటే, అందరం అందరి చూపులూ తప్పించుకున్నాం. భోజనాల బల్ల దగ్గర అమ్మ ప్రార్థన చేస్తూ “మా సెనేటర్‌ని కాపాడు” అంటే నేను ఒక కన్ను తెరిచి ఆమెను చూసేదాన్ని. ఒకసారి చూస్తే నాన్న కూడా ఒక కన్ను తెరిచి నన్ను చూస్తున్నాడు. ఇద్దరం గబుక్కున మూసుకున్నాం. నాకు ఏమీ తెలియనట్టు ఉత్తరాలు టైపు చేశాను, ఆయన సంతకాలు పెట్టాడు. “ఎల్‌వుడ్ సంగతి తేలిందా?” అని ఒకరోజు అడిగాడు. “లేదు నాన్నా, వాడు కాదు,” అన్నాను. “మరెవరు?” అన్నాడు. “తెలీదు,” అన్నాను. పొడుగు ముక్కు మీదుగా కాసేపు చూసి, “సరే” అన్నాడు.

మంగళవారం ఓటు. మా ఫైర్ స్టేషన్‌లో తెరవెనక మీటల యంత్రం. నాన్న పేరు మీద వేలు పెట్టాను. ఆ వేలు అక్కడ ఎంతసేపు ఉందో తెలీదు, బయట ఎవరో దగ్గి “వెర్నా, లోపల నిద్రపోయావా?” అన్నారు. ఒక మీట నొక్కి బయటికొచ్చాను. రాత్రికి లెక్క తేలింది. ముప్పై ఒక్క ఓట్ల తేడాతో నాన్న ఓడిపోయాడు.

మా జిల్లాలో ఎన్నికలయిన రెండో రోజున జార్జ్‌టౌన్‌లో రిటర్న్ డే. ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. కోర్టు బాల్కనీలోంచి ఎత్తు టోపీ పెట్టుకున్న మనిషి ఫలితాలు అరిచి చదువుతాడు. ఎద్దుమాంసం కాల్చి రొట్టెలో పెట్టి అందరికీ ఊరికే పంచుతారు. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే గుర్రబ్బండిలో ఊరేగాలి. గెలిచినవాడు ముందుకి తిరిగి కూర్చుంటాడు, ఓడినవాడు వెనక్కి. మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ వెనక్కి తిరిగి కూర్చోలేదు. పొద్దున్నే నాన్న, “వెనక్కి కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుందేమో, అల్లం బిళ్లలు పెట్టుకో లియోలా,” అన్నాడు. అమ్మ పర్సులో పెట్టుకుంది.

బండిలో నోరిస్ టల్, ఆర్ఫా ముందుకి. వాళ్లకెదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గర్లో నాన్న, అమ్మ వెనక్కి. నేను బండి పక్కనే మెట్టు పట్టుకుని నడిచాను. అమ్మా ఆర్ఫా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండడానికి పడుతున్న పాట్లు నాకు తప్ప ఎవరికీ తెలీదనుకున్నాను. ఆర్ఫా గుర్రం చెవులు చూసింది. అమ్మ దాటిపోయిన దుకాణాల బోర్డులన్నీ చదివింది.

“బ్రదర్ వింగేట్,” అన్నాడు టల్, ఇబ్బందిగా. “మీరు బాగా పోరాడారు.”

“నువ్వే బాగా పరామర్శించావు, బ్రదర్ టల్,” అన్నాడు నాన్న. “బతికున్న కుక్కలతో సహా.”

టల్ గట్టిగా నవ్వాడు. ఆర్ఫా చెంపలు ఎర్రబడ్డాయి. అమ్మ అల్లం బిళ్ల తీసి నాన్న చేతిలో పెట్టింది. నాన్న దాన్ని నోట్లో వేసుకుని నా వైపు వంగాడు.

“ఇన్నేళ్లూ ముందుకి తిరిగి ఊరేగాను కదా వెర్నా. ఎదురొచ్చే మొహాలే కనపడేవి, అన్నీ నవ్వు మొహాలే. ఇవాళ చూస్తున్నాను, బండి దాటిపోయాక ఆ నవ్వులు ఏమవుతున్నాయో. ఇది ముందే చూసుంటే బాగుండేది.”

జనంలో లింగో కుక్క గొలుసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బండి దాటాక కూడా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. నాన్న టోపీ తీశాడు.

తర్వాతి సోమవారం నాన్న ఓక్ పెట్టె నా బల్ల మీద పెట్టి, “ఇక ఇది నీది,” అని పక్కగదిలోకి వెళ్లి పడుకున్నాడు. నేను లింగో కార్డు దిద్దుదామని తీశాను. కుక్క మాట కొట్టేసి “బతికే ఉంది” అని రాశాను. చివర్లో వింగేట్‌ల కార్డు తగిలింది. మా ఇంటికీ కార్డు ఉంటుందని నాకు ఎప్పుడూ తోచలేదు. పాత కార్డే, మూడు పేర్లు. ఆల్టన్ వింగేట్, కూడిక గుర్తు. లియోలా పక్కన కూడిక గుర్తు కొట్టేసి అడ్డగీత ఉంది. వెర్నా పక్కన కూడిక గుర్తు కొట్టేసి ప్రశ్నార్థకం. నాన్న పెన్సిలు రాత. పక్కన తేదీ కూడా వేశాడు, అక్టోబరు పధ్నాలుగు.

కార్డు పట్టుకుని ఆయన గది గుమ్మంలో నిలబడ్డాను.

“లింగో నీకూ ఫోన్ చేశాడా?”

“నీకంటే ముందు నాకే చేశాడు. నేనే అన్నాను, గిన్నె సంగతి వెర్నాకి చెప్పు అని.” కళ్లు తెరవలేదు. “అబద్ధం కార్డు రాసింది నువ్వే కదా. మీ తాత ఉంటే పెట్టెతో నెత్తిన కొట్టేవాడు.”

“తెలిసీ ఎందుకు ఊరుకున్నావు నాన్నా? అమ్మనైనా అడగొచ్చు కదా.”

“గుండె సంగతి ఎవరికీ చెప్పనని మీ అమ్మ చేత ప్రమాణం చేయించుకున్నాను. ఓటు సంగతి ప్రమాణం చేయించుకోవడం మరిచిపోయాను. తప్పు నాదే.” దుప్పటి పైకి లాక్కున్నాడు. “నువ్వు వచ్చి చెబుతావేమో చూశాను. రోజూ చూశాను. నువ్వు చెబితే మర్నాడే తిరుగుదామని బూట్లు కూడా పాలిష్ చేయించాను. నువ్వు చెప్పలేదు. అప్పుడనుకున్నాను, ఇంట్లో ఇద్దరు కూడబలుక్కుని నన్ను బతికించాలనుకుంటున్నారు, పోన్లే అని.”

దిండు పక్కనుంచి పెన్సిలు తీసి నాకిచ్చాడు.

“నీ గుర్తు తేలలేదు. తేల్చు. కార్డు అబద్ధం చెప్పకూడదు.”

గోడకి ఆనించి నా పేరు పక్కన ప్రశ్నార్థకం కొట్టేశాను. అడ్డగీత గీశాను. గీత వంకరగా వచ్చింది. కార్డు ఆయనకి చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఏడుస్తాడేమో అని భయపడ్డాను, ఏడ్చింది నేను.

“ఊఁ,” అన్నాడు. “పెట్టెలో పెట్టెయ్.” గోడవైపు తిరిగి పడుకున్నాడు.

భోజనాల గదిలోకొచ్చి కూర్చున్నాను. అమ్మ వంటింట్లో ఏదో కడుగుతోంది. అన్ని కార్డులూ నింపిన నేను, మా ఇంటి కార్డు మీద కబుర్ల చోటు ఖాళీగా ఉందని అప్పుడు చూశాను. రాశాను: “ఆల్టన్ వింగేట్. గుండె బాగాలేదు. మనసూ బాగాలేదు. వెళ్లి చూడాలి.”

టిక్కు పెట్టకుండా కార్డు అక్కడే బల్ల మీద వదిలేసి, లేచి, మళ్లీ ఆయన గదిలోకి వెళ్లాను.